లిఫ్టు ఆగని అంతస్తులు

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అనే సర్కారీ కాలనీ ఒకటి ఉండేది. పేదల కోసం కట్టింది. 33 బిల్డింగులు, ఒక్కొక్కటి 11 అంతస్తులు, మొత్తం 2,870 ఫ్లాట్లు. 1950ల నడిమికి పూర్తయింది. ప్లాన్ గీసింది మినోరు యమసాకి. తర్వాత న్యూయార్క్ జంట సౌధాలను గీసిందీ ఆయనే. ఈ కాలనీలో లిఫ్టులు అన్ని అంతస్తుల్లోనూ ఆగేవి కావు. నేల అంతస్తు తర్వాత నాలుగు, ఏడు, పది, అంతే. ఖర్చు కలిసొస్తుందనీ, లిఫ్టు ఆగినచోట పొడవాటి వరండాలుంటే ఇరుగుపొరుగు అక్కడ కలుసుకుంటారనీ కాగితం మీద లెక్క. జరిగింది వేరు. లిఫ్టు దిగి మెట్ల మీదుగా ఇల్లు చేరే ఆ కాస్త దూరమే గుండె దడదడలాడే చోటయింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1972లో, డైనమైట్ పెట్టి కూల్చడం మొదలుపెట్టారు. 1976కల్లా అన్నీ నేలమట్టం.

చార్లెస్ జెంక్స్ అనే విమర్శకుడు 1977లో రాసిన పుస్తకంలో ఈ కూల్చివేతకు ముహూర్తం కూడా పెట్టాడు: 1972 జులై 15, మధ్యాహ్నం 3 గంటల 32 నిమిషాలకు ఆధునిక వాస్తుకళ కన్నుమూసిందట. నిజానికి మొదటి బిల్డింగు మార్చిలోనే కూలింది. అయినా ఆ ముహూర్తం నిలిచిపోయింది. ‘ఆధునికోత్తరం’ అన్న మాట వినిపించిన ప్రతిచోటా ఈ కథ చెప్పడం రివాజైంది.

జెంక్స్ కంటే ముందే ఆ కాలనీలోకి వెళ్లిన సమాజశాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు, లీ రెయిన్‌వాటర్. అక్కడి కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పరిశోధన నడిపి 1970లో పుస్తకం వేశాడు. ఆయనా, తర్వాత ఆ దారిన వెళ్లినవాళ్లూ తేల్చిన సంగతుల్లో వాస్తుకళ పాత్ర చిన్నది. కట్టడానికి ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చింది, నిర్వహణ మాత్రం పేదలిచ్చే అద్దెలతోనే జరగాలి. నగరం నుంచి పనులు, ఫ్యాక్టరీలు, తెల్లవాళ్ల కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. పైగా సంక్షేమ శాఖది ఇంకో నిబంధన: కష్టపడే వయసున్న మగవాడు ఇంట్లో ఉంటే పిల్లల భృతి రాదు. తండ్రి దొంగచాటుగా ఇంటికొచ్చే పరిస్థితి. ఇన్ని పొరపాట్లు కలిస్తే తలెత్తిన చిక్కును ‘ఆ కుటుంబాలకు కాపురం చేతకాదు’ అని తేల్చేశారు.

ఇది చిన్న సంగతి కాదు. ఆధునికోత్తర సమాజం గురించి గత యాభై ఏళ్లలో సమాజశాస్త్రం మాట్లాడిన దాంట్లో పనికొచ్చే పాలు ఎంత అంటే, నా లెక్కలో ఇంతే: వ్యవస్థ వేసిన ముడిని ఎవరికి వారే విప్పుకోవాల్సి రావడం. తక్కినదంతా పేర్ల తగాదా.

పేర్ల తగాదా పాతదే. ఊరి బంధాలు పోయి ఒప్పందాల బతుకు వచ్చిందని జర్మనీలో టోనీస్ 1887లోనే రాశాడు. కట్టుబాట్లు సడలినచోట మనిషికి దిక్కు తోచకపోవడాన్ని డర్క్‌హైమ్ ‘అనోమీ’ అన్నాడు. 1897లో ఆత్మహత్యల లెక్కలు ముందేసుకుని, ప్రాణం తీసుకోవడం వంటి ఒంటరి పనిలో కూడా సమాజం చెయ్యి ఉందని చూపించాడు. నగరంలో మనిషి మనసు ఎందుకు మొద్దుబారుతుందో జిమ్మెల్ 1903లో చెప్పాడు. వీళ్లంతా ఆధునికత గడప మీద నిలబడి, వెనక్కి చూస్తూ మాట్లాడినవాళ్లు.

గడప దాటేశామేమో అన్న అనుమానం అమెరికాలో సి. రైట్ మిల్స్‌కు వచ్చింది. 1959లో వచ్చిన ‘ది సోషియలాజికల్ ఇమాజినేషన్’లో, ఆధునిక యుగం ముగిసి ఆధునికోత్తర కాలం మొదలవుతోందని ఆయన రాశాడు. హేతువు పెరిగితే స్వేచ్ఛ దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం చెల్లకుండా పోయిందన్నది ఆయన బాధ. అదే పుస్తకంలో ఒక లెక్క ఉంది. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే ఆ ఒక్కడి గుణం, నైపుణ్యం చూడాలి. 5 కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే దేశాన్ని చూడాలి. మొదటిది సొంత ఇబ్బంది, రెండోది ప్రజా సమస్య. మిల్స్ 1962లో, 45 ఏళ్లకే పోయాడు. ఆ లెక్కకు ఇప్పటికీ కాలం చెల్లలేదు.

ఆధునికోత్తరం అన్న మాటకు ప్రపంచమంతా గిరాకీ తెచ్చింది మాత్రం ఫ్రెంచి తత్వవేత్త లియోటార్. తమాషా ఏమిటంటే, 1979లో వచ్చిన ఆ చిన్న పుస్తకం కెనడాలో క్యుబెక్ ప్రభుత్వపు విశ్వవిద్యాలయాల మండలి రాయించుకున్న నివేదిక. కంప్యూటర్లు వస్తే చదువులు, జ్ఞానం ఏమవుతాయో చెప్పమని అడిగారు. జ్ఞానం సరుకవుతుంది, అమ్ముడుపోయేదే జ్ఞానం అనిపించుకుంటుంది, దేశాలు భూముల కోసం కొట్టుకున్నట్టు రేపు సమాచారం కోసం కొట్టుకుంటాయి అన్నాడాయన. డేటా నిలవలను జనానికి తెరిచిపెట్టండని చివర్లో కోరాడు. సెల్‌ఫోన్ లేని రోజుల్లో రాసిన మాటలివి. జనం మాత్రం వీటిని వదిలేసి ఒక్క వాక్యం పట్టుకున్నారు: మహాకథనాల మీద నమ్మకం పోవడమే ఆధునికోత్తరం.

మహాకథనం అంటే మనకు గుణాఢ్యుడి బృహత్కథ గుర్తుకు రావాలి. ఏడు లక్షల గ్రంథాన్ని శాతవాహన రాజు కాదంటే, ఒక్కో పత్రం చదివి వినిపిస్తూ ఆరు లక్షలు అగ్నికి ఆహుతి చేశాడని కథ. ఆ కథలో ముందు వినేవాడు పోయాడు, తర్వాతే పుస్తకం కాలింది. లియోటార్ చెప్పిందీ అలాంటిదే. ప్రగతి కథను, విమోచన కథను ఎవరూ తగలబెట్టలేదు. వినేవాళ్లే లేచి వెళ్లిపోయారు.

తెలుగునాట ఈ మాట 1990లలో పెద్ద దుమారమే లేపింది. పారిస్ నుంచి దిగుమతైన ఫ్యాషన్ అని ఒకవైపు, సామ్రాజ్యవాద కుట్ర అని మరోవైపు తిట్లు. కానీ ఇక్కడ మహాకథనానికి బీట వేసింది ఫ్రెంచి పుస్తకం కాదు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన దళితుల ఊచకోతలు. అందరి తరఫునా మాట్లాడుతున్నామన్నవాళ్ల కథలో తమ కథ లేదని దళితులు కారంచేడు తర్వాత గట్టిగా చెప్పారు. 1993లో స్త్రీవాద కవిత్వ సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవిత్వం ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లింవాద కవిత్వం ‘జల్‌జలా’ వచ్చాయి. వీటిని ఆధునికోత్తరం ఖాతాలో రాసేయడం సులువే. నాకది సబబుగా అనిపించదు. వీళ్లు సమానత్వం, హేతువు వద్దనలేదు, అవి తమ వాడకు ఎందుకు రాలేదని నిలదీశారు. 1980లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అడోర్నో బహుమతి అందుకుంటూ జర్మన్ తత్వవేత్త హాబర్మాస్, ఆధునికత చచ్చిపోలేదు, పూర్తికాని పని అని వాదించాడు. ఈ ముచ్చటలో మన దళిత కవులు లియోటార్ కంటే హాబర్మాస్‌కే దగ్గర అని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఉండనీండి.

1986లో తగాదా దిశ మారింది. జర్మన్ సమాజశాస్త్రవేత్త ఉల్రిచ్ బెక్ ‘రిస్క్ సొసైటీ’ అచ్చుకు సిద్ధమయ్యే వేళకు, ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు కేంద్రం పేలింది. మే నెలలో దాని మీద నాలుగు మాటలు రాసి పుస్తకం ముందు చేర్చాడు. ఆయన వాదం సూటిగా ఉంటుంది. నిన్నటి సమాజం సంపదను ఎలా పంచుకోవాలా అని కొట్లాడింది, ఇవాళ్టి సమాజం ప్రమాదాలను ఎవరి నెత్తిన వేయాలా అని కొట్లాడుతుంది. పైగా ఇవి కంటికి కనపడేవి కావు. రేడియేషన్‌కు రంగు లేదు, పురుగుమందుకు పాలలో రుచి లేదు. ఉందో లేదో నిపుణుడు చెప్పాలి. ఆ నిపుణుడు ఎవరి జీతగాడో మనకు తెలియదు.

పొగకు పేదా గొప్పా తేడా లేదన్న బెక్ మాటకు మంచి పేరొచ్చింది. సంపద పైకి చేరితే ప్రమాదం కిందికి చేరుతుందని కూడా ఆయనే రాశాడు, ఆ మాట ఎత్తేవాళ్లు తక్కువ. చెర్నోబిల్‌కు ఏడాదిన్నర ముందు, 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి, భోపాల్‌లో గ్యాసు ముందుగా పట్టుకున్నది ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న జేపీ నగర్ బస్తీని. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మేసినప్పుడు 12 మంది పోయారు. జనం నిద్రలో లేచి పరుగెత్తారు, దారిలో పడిపోయారు. స్టైరీన్ అన్న మాట ఊళ్లో చాలామందికి తెలిసింది ఆ రోజే. ఆ ఆవిరి వదిలిన ఫ్యాక్టరీ 1960ల నుంచి అక్కడే ఉంది. చుట్టూ ఇళ్లు లేస్తుంటే అనుమతులిచ్చిన కాగితాలున్నాయి, గాలి ఎటు వీస్తే ఎటు పరుగెత్తాలో చెప్పే కాగితం మాత్రం ఆ ఇళ్లకు చేరలేదు.

బెక్‌కు ఇంగ్లండులో తోడు దొరికినవాడు ఆంథొనీ గిడెన్స్. 1990లో రాసిన పుస్తకంలో ఆయన ఆధునికోత్తరం అన్న మాటే వద్దన్నాడు. మనం ఉన్నది ఆధునికత ముదిరిన దశలోనే అన్నాడు. దాన్ని పోల్చడానికి ‘జగర్‌నాట్’ అనే ఇంగ్లిషు మాట వాడాడు. అడ్డొచ్చినదాన్ని తొక్కుకుంటూ పోయే మహాయంత్రం అని దాని అర్థం. ఆ మాట జగన్నాథుడి నుంచే వచ్చిందనీ, భక్తులు రథచక్రాల కింద పడేవారని చెబుతారనీ గిడెన్స్ కూడా రాశాడు. పూరీ రథయాత్ర చూసినవాళ్లకు ఇక్కడ ఒక అభ్యంతరం ఉంటుంది. ఆ రథానికి ఇంజను లేదు. కట్టేదీ మనుషులే, లాగేదీ మనుషులే. పగ్గాలు పట్టుకున్న వేలమంది ఆగితే ఆగుతుంది. మన దేవుడి రథాన్ని తెల్లదొరలు దూరం నుంచి చూసి భయపడి పెట్టుకున్న పేరుతో ఒక శాస్త్రం తన కాలాన్ని వర్ణించుకోవడం విచిత్రమే. అయితే గిడెన్స్ ఆ రథాన్ని మనం ఎక్కి కూర్చున్నామనీ, కొంతవరకు నడపగలమనీ అన్నాడు. పగ్గాల సంగతి ఆయనకు తెలిస్తే పోలిక ఇంకా బాగా కుదిరేది.

జిగ్మంట్ బౌమన్ దారి వేరు. పోలండు యూదుడు. 1939లో నాజీల నుంచి పారిపోయాడు, 1968లో సొంత దేశమే వెళ్లగొట్టింది, చివరికి లీడ్స్‌లో స్థిరపడ్డాడు. యూదుల ఊచకోత ఆధునికత దారితప్పడం వల్ల జరగలేదు, ఆధునికత నేర్పిన రైలు టైంటేబుళ్లు, ఆఫీసు ఫైళ్లు లేకుండా అది జరిగేదే కాదు అని 1989లో రాశాడు. చాలాకాలం ఆధునికోత్తరం మాట వాడి, 2000లో ‘ద్రవ ఆధునికత’ అని పేరు మార్చాడు. ఉద్యోగం, పెళ్లి, ఊరు, స్నేహం, ఏదీ గడ్డకట్టదు, పోసిన గిన్నె ఆకారం పట్టుకుంటుంది. ఆ తర్వాత ద్రవ ప్రేమ, ద్రవ భయం అంటూ అన్నిటికీ ఆ విశేషణమే తగిలించడం కాస్త విసుగు పుట్టిస్తుంది.

సిద్ధాంతం కంటే సమాజశాస్త్రవేత్త రిచర్డ్ సెనెట్ చూపిన బోస్టన్ బేకరీ నాకు ఎక్కువ చెప్పింది. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ గ్రీకు కుటుంబాలవాళ్లు పొయ్యిల దగ్గర చేతులు కాల్చుకుంటూ రొట్టెలు చేసేవారు. ఒళ్లు హూనమయ్యే పని. పాతికేళ్ల తర్వాత వెళ్తే బేకరీ పెద్ద కంపెనీ చేతుల్లో ఉంది, పొయ్యిలు కంప్యూటర్ చేతుల్లో ఉన్నాయి. పనివాళ్లు తెర మీద బొమ్మ నొక్కుతారు. పిండి ముట్టుకోరు. యంత్రం మొరాయిస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు, మాడిన రొట్టెలతో చెత్తడబ్బాలు నిండుతుంటాయి. పని తేలికైంది, చల్లగా ఉంది. కానీ తాము రొట్టెలు చేసేవాళ్లమని చెప్పుకోవడానికి వాళ్లకు నోరు రాలేదు. 1998 నాటి పుస్తకం ఇది.

తెలుగువాళ్లు ఈ కథలోకి నేరుగా వచ్చింది చైనా పరిశోధకుడు షియాంగ్ బియావో రాసిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’లో (2007). హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా మన ఐటీ కుర్రాళ్ల వెంట తిరిగాడాయన. కోస్తాలో పొలం మిగులు, వచ్చిన కట్నం కంప్యూటర్ కోర్సుకూ వీసాకూ వెళ్తాయి. కన్సల్టెన్సీవాడు తీసుకెళ్తాడు, ప్రాజెక్టు దొరక్కపోతే ‘బెంచ్ మీద’ కూర్చోబెడతాడు. మార్కెట్ పడిపోతే నష్టం కంపెనీ పుస్తకాల్లో కనపడదు, ఊళ్లో తండ్రి అప్పులో, పెళ్లి సంబంధంలో కనపడుతుంది. ఇప్పటికీ అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే సర్దుకోవడానికి మహా అయితే 60 రోజులు. ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేసి ‘అంతా బాగానే ఉంది నాన్నా’ అనే గొంతు విననివాళ్లు మన వీధుల్లో తక్కువ.

నేనుండే అపార్టుమెంటులో నిరుడు వాచ్‌మన్ గది పక్కన ఒక బోర్డు పెట్టారు: డెలివరీ బాయ్స్ లిఫ్టు వాడరాదు. ఐదో అంతస్తుకు బిర్యానీ తెచ్చిన కుర్రాణ్ని అడిగితే, మెట్లెక్కడం కష్టం కాదు సార్, ఆలస్యమైతే రేటింగ్ పడిపోతుంది, రేటింగ్ పడిపోతే ఆర్డర్లు తగ్గుతాయి, గొడవపడితే ఐడీ బ్లాక్ అవుతుంది అన్నాడు. ఎవరు బ్లాక్ చేస్తారని అడిగా. యాప్ సార్, అన్నాడు. బోర్డు తీసేయాలని అసోసియేషన్ మీటింగులో అడిగాను. మిగతావాళ్లు ఒప్పుకోలేదు.

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020–21లో దేశంలో ఇలాంటి పనివాళ్లు 77 లక్షలమంది, 2029–30కి 2 కోట్ల 35 లక్షలవుతారని అంచనా. వాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం రాజస్థాన్, 2023లో. దేశ చట్టంలో వాళ్లకో పేరు దొరికింది 2020 సామాజిక భద్రతా స్మృతితో. సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించుకునే వ్యక్తి గిగ్ వర్కర్ అని అందులో ఉంది.