పరాసు రొట్టెయు జొన్నసీమయు

బొగ్గుగనుల శ్రీరాంపురమునుండి గోదావరి దాటి పడమటికేగినచో, జగిత్యాలలో నక్షత్రాకారమున వెలసిన రాతికోటయు, దానిని చుట్టిన అగడ్తయు నేటికిని చూడనగును. 1747లో పరాసు (ఫ్రెంచి) ఇంజనీర్ల పర్యవేక్షణమున అది నిర్మితమైనదని ప్రతీతి. నిర్మలు బురుజులను గూర్చియు ఇట్టి మాటయే వినవచ్చును. 1751లో పరాసు సేనాని బుస్సీ నిజాము సలాబత్ జంగు వెంట హైదరాబాదు చేరెను. 1798లో నిజాము కొలువులోని పరాసు సేనాని రేమండు మరణించెను, ఆ యేడే అతడు తీర్చిన పటాలము నిరాయుధమైనది. ఇంచుమించు అర్ధశతాబ్దము దక్కనున మెలగిన ఆ జాతి మనకు కోటలను, ఫిరంగులను విడిచి చనినది గాని, తన రొట్టె కాల్చు విద్యను మన పల్లెలకు ఈయజాలదయ్యెను.

ఇందు ఎవరి దోషమును లేదు. ఈ సీమ జొన్నల సీమ. గోధుమపిండి నీటితో కలిసి మర్దితమైనపుడు అందు సాగెడి జిగురు పుట్టి, పులియునపుడు వెలువడు వాయువును లోపలనే బంధించును. ఆ బంధనశక్తి జొన్నకు లేదు గనుక దానిని వేడినీటితో కలిపి, అరచేత తట్టి, పెనముపై అప్పటికప్పుడు కాల్చవలసినదే. పొయ్యియు వేరు. మనది పైకి మండెడి పొయ్యి. పరాసు రొట్టెకు నలుదెసల వేడిని మూసియుంచు గూడు కావలెను. రాజధాని హైదరాబాదులో తందూరు లేకపోలేదు. పురానీ హవేలీకడ మున్షీ నాన్ దుకాణము 1851నాటిది. అయినను అది అంగడి సరకే. పిమ్మట గనుల ఊళ్లకు వచ్చిన బన్నును, డబల్ రొట్టెయు అట్టివే. ఇల్లాలి చేతిది మాత్రము జొన్నరొట్టెయే.

నేడు విద్యుత్ ఓవెను కొనినవారు తొలుత కోరునది సన్నని పొడవాటి బాగెట్. అదియే పరాసుల ప్రాచీన గృహసంప్రదాయమని వారి విశ్వాసము. నాకిది తలక్రిందులైన చరిత్రగా తోచును. బాగెట్ పట్టణపు సరకు, బేకరీవాని సరకు. ఆ పేరు రొట్టెకు అధికారికముగ చెల్లుట ఇంచుమించు 1920నుండియే. అంతకు ముందు యేడు వచ్చిన శాసనము రాత్రి పదింటినుండి తెల్లవారి నాలుగింటివరకు బేకరీలలో పనిని నిషేధించెను. త్వరగా కాలెడి సన్నరొట్టెకు అది తోడ్పడెనని కొందరందురు.

పరాసు పల్లెవాసుల రొట్టెయో గుండ్రనిది, బరువైనది, వారముల తరబడి నిలుచునది. పూర్వము దొరగారి పొయ్యిలోనే, సుంకము చెల్లించి, కాల్చుకొనవలసిన నిర్బంధముండెడిది. పరాసు విప్లవము దానిని తొలగించెను. పిమ్మట అనేక గ్రామములలో ఉమ్మడి పొయ్యిలు నిలిచినవి. ఆల్ప్స్ పర్వతములలోని విల్లార్ దారెన్ గ్రామమున ఏడాదికి ఒక్కమారే, నవంబరులో, రై పిండిరొట్టెలు కాల్చి సంవత్సరమంతయు తినెడివారట! వంటచెరకు కరవైన చోట అది పిసినారితనము కాదు, ప్రజ్ఞ.

ఈ పల్లెరొట్టెకు మూలము లెవాన్, అనగా పులిసిన పిండిముద్ద. పెరుగునకు తోడువలె, ప్రతిమారు కొంత మిగిల్చి మరునాటికి వాడుదురు. అరకిలో గోధుమపిండికి సుమారు 330 మిల్లీలీటర్ల నీరు, పది గ్రాముల ఉప్పు, నూరు గ్రాముల ఈ ముద్ద చాలును. వీటిని కలిపి మర్దించిన పిండి ఉబ్బిన పిదప పైన కత్తితో గాటు పెట్టి, ముందుగా ఓవెనులో బాగుగ కాల్చిన మూతగల ఇనుపకుండలో వేసి మూయవలెను. పిండినుండి వెలువడు ఆవిరి లోపలనే నిలిచి పైతోలు వెంటనే గట్టిపడనీయదు, రొట్టె పొంగుటకు వ్యవధి దొరకును. పిదప మూత తీసినగాని పైపెచ్చు ఎఱ్ఱబారదు. అడుగున వ్రేలితో తట్టినపుడు బోలుశబ్దము వచ్చినచో కాలినట్లే.

1993లో పరాసు ప్రభుత్వము "సంప్రదాయ రొట్టె" అను పేరున అమ్ముదానిని గడ్డకట్టించి నిలువచేయరాదని, అందు రసాయనపు కల్తీలు చేర్చరాదని శాసించెను. ఆ కట్టడి అంగళ్లకే. ఇంటివారికి శాసనకర్త ఋతువే: గోదావరీతీరపు వేసవిలో ఎండ నలుబది డిగ్రీలు మించినపుడు నూరు గ్రాముల పులిసినముద్ద మితిమీరును, దానిని సగమునకు తగ్గించి, చన్నీరు పోసి కలిపి, ఆ పిండిని రాత్రి ఫ్రిజ్జులో ఉంచుటయే మేలు.