ఉద్దానం ఉక్కలో ఒంటి వేడిని కొలవడం ఎలా?

2019లో వెలువడిన ఒక అధ్యయనం శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2,210 మందిని పరీక్షించి, సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బును గుర్తించింది. వారిలో ఎక్కువమందికి షుగరు వంటి తెలిసిన కారణాలేవీ కనబడలేదు. నీటినీ పురుగుమందులనూ అనుమానించినట్టే వేడినీ అనుమానిస్తున్నారు. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే బయటపడ్డాక ఈ మూడో అనుమానం బలపడింది. కవిటి, సోంపేట, మందస తోటల్లో పనిచేసేవారి ఒంటి వేడిని రోజంతా కొలిస్తే ఆ అనుమానాన్ని పరీక్షకు పెట్టవచ్చు. చర్మానికి అంటుకుని, ఒంటితోపాటు వంగే సెన్సర్ పట్టీలు ఇందుకు పనికొస్తాయా?

ఇలాంటి పట్టీలో పల్చటి ప్లాస్టిక్ పొర మీద సన్నని లోహపు గీత ఉంటుంది. వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది; రాగికైనా ప్లాటినానికైనా డిగ్రీకి దాదాపు 0.39 శాతం. చిక్కేమిటంటే, గీత సాగినా నిరోధం పెరుగుతుంది. రాగి గీత 0.2 శాతం సాగితే చాలు, నిరోధం సుమారు 0.4 శాతం పెరిగి, లేని డిగ్రీ వేడిని ఉన్నట్టు చూపుతుంది. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషి భుజం మీది చర్మం అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది! 2011లో జాన్ రోజర్స్ బృందం అమెరికాలో చేసిన చర్మపు ఎలక్ట్రానిక్స్‌లో తీగను పాములా మెలికలు తిప్పింది ఇందుకే. చర్మం సాగినప్పుడు మెలికలు విచ్చుకుంటాయి, లోహం మాత్రం పెద్దగా సాగదు. అయినా పట్టీని కీళ్లకు దూరంగా, రొమ్ముటెముక మీద అంటించడమే మేలని నా అభిప్రాయం.

అంతకన్నా పెద్ద చిక్కు చెమటతో. చెమట ఆరితే చర్మం చల్లబడుతుంది, లోపలి వేడి మాత్రం పెరుగుతూనే ఉండవచ్చు. పనిలో ఉన్నవారికి 38 డిగ్రీలను హద్దుగా చెప్పేది ఆ లోపలి వేడికే. 1971లో ఫాక్స్, సోల్మన్ అనే పరిశోధకులు చర్మం నుంచి వేడి బయటికి పోకుండా ఆపి లోపలి వేడిని అంచనా కట్టే పద్ధతి చూపారు. సముద్రపు గాలిలో, తడిసిన చొక్కా కింద ఆ అంచనా ఎంత నిలుస్తుందో పొలంలోనే తేలాలి.

పట్టీ ఒక్కటే జబ్బుకు కారణం చెప్పదు. పనికి ముందూ తర్వాతా బరువు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూడాలి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం తీరపు తోటల్లోనూ ఇవే కొలతలు తీయాలి. అక్కడా ఇంతే వేడి ఉండి కిడ్నీలు బాగుంటే, వేడి ఒక్కదాన్నే తప్పుపట్టలేం. ముందుగా ఒక వేసవిలో కొద్దిమందికి, కూలి నష్టపోకుండా, మింగే ఉష్ణమాపక గుళికతో పాటు పట్టీ ఇచ్చి, రెండు అంకెలూ ఎంత కలుస్తాయో చూడాలి.