పొయ్యి మీద సీసాలు

జనవరిలో పొద్దున్నే, బయట ఇంకా చీకటి వీడకముందే, ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు పోసి కాసేపుంచి, అవి పారబోసి పప్పన్నం కూరి మూత బిగిస్తాం కదా. మధ్యాహ్నానికి వేడిగా ఉంటుందో లేదో అని మళ్ళీ ఓ బెంగ. ఈ ఫ్లాస్కులు లేని రోజుల్లో ఇక్కడి తల్లులు ఏం చేసేవాళ్ళని మీకెప్పుడైనా అనిపించిందా? నాకనిపించింది. వెతుకుతూ పోతే అది తిండి దగ్గర మొదలై ఎక్కడికో వెళ్ళింది.

విస్కాన్సిన్, మిన్నెసోటా, నెబ్రాస్కా పల్లెల్లో వందేళ్ళ కిందట బడంటే ఒకే గది. మనం ఏకోపాధ్యాయ పాఠశాల అంటామే, అదే. ఎనిమిది తరగతుల పిల్లలూ అందులోనే. ఒక ఇనప పొయ్యి. టీచరమ్మ, చాలామట్టుకు పెళ్ళికాని చిన్నపిల్లే, అందరికంటే ముందొచ్చి దాన్ని వెలిగించాలి. కట్టెలు చాలా ఊళ్ళల్లో తల్లిదండ్రులే తోలేవాళ్ళు. పెద్ద పిల్లలు నీళ్ళు మోసేవాళ్ళు. మైళ్ళు నడిచొచ్చేసరికి రేకు డబ్బాలో రొట్టె గడ్డకట్టిపోయేది.

విస్కాన్సిన్ పల్లెబడుల్లో దీనికో ఉపాయం పట్టారు. ఇంట్లో ఏదుంటే అది, సూపో, మాకరోనీయో, కోకోనో, అర లీటరు పట్టే గాజు సీసాలో పోసి పిల్లాడి చేతికిచ్చేవాళ్ళు. బడిలో ఆ సీసాలన్నీ నీళ్ళున్న బకెట్లో నిలబెట్టి పొయ్యి మీద పెట్టేవాళ్ళు. పాఠాలు జరుగుతుండగా అవి నిదానంగా వేడెక్కి, భోజనాల వేళకి పొగలు కక్కేవి. మూత కాస్త వదులు చెయ్యకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు! కొన్ని బడుల్లో ఒక్కో ఇంటి నుంచి ఒక్కో కూరగాయ తెచ్చి అందరికీ ఒకే కుండలో సూపు కాచేవాళ్ళు. అప్పుడు ఎవరింట్లో కలిమి ఎంతో ఆ కుండకి తెలీదు.

పట్నంలో ఇబ్బంది వేరు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతే మధ్యాహ్నం పిల్లాడు ఇంటికొచ్చినా వండిపెట్టే మనిషి లేదు. మిల్వాకీలో 1904లో విమెన్స్ స్కూల్ అలయన్స్ అనే ఆడవాళ్ళ సంఘం అలాంటి పేటల్లో మూడు చోట్ల భోజనం మొదలుపెట్టింది. వంట ఎక్కడనుకున్నారు? బడి పక్కన కాపురముండే ఆడవాళ్ళ ఇళ్ళల్లో! వండిపెడతామని ముందుకొచ్చినవాళ్ళు తమ వంటింట్లోనే వండి, తామే వడ్డించేవాళ్ళు. ఖర్చు చర్చిలూ, క్లబ్బులూ, దాతలూ ఇచ్చేవాళ్ళు. ఇది చదువుతుంటే నాకు మన డ్వాక్రా అక్కలు గుర్తొచ్చారు. 2003 నుంచి మన బడుల్లో వంట చాలాచోట్ల వాళ్ళదే. బిల్లు ఆలస్యమైతే అప్పు తెచ్చయినా పొయ్యి వెలిగించడం వాళ్ళకి కొత్త కాదు.

ఫిలడెల్ఫియాలో 1894లోనే పెన్నీ లంచ్‌లు మొదలయ్యాయి. 1897లో వాషింగ్టన్‌లో తల్లులు పెట్టుకున్న మహాసభే ఇప్పటి పీటీఏకి మూలం. అయితే వేరు బడుల కాలంలో నల్లవాళ్ళ పిల్లల తల్లిదండ్రులకి అందులో సమానంగా చోటు దొరకలేదు. జార్జియాకి చెందిన సెలీనా స్లోన్ బట్లర్ 1926లో వాళ్ళకోసం వేరే జాతీయ సంఘం నిలబెట్టారు. రెండూ కలిసింది 1970లో. మన స్కూళ్ళలో పీటీఏ ఫారం నింపేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

1930ల కరువులో డబ్ల్యూపీఏ పథకం కింద పనిలేని ఆడవాళ్ళకి బడి వంటింట్లో జీతమిచ్చారు. ఒక్క పొయ్యి మీద రెండిళ్ళ ఆకలి తీరిందన్నమాట. 1946 జూన్ 4న ట్రూమన్ సంతకంతో జాతీయ బడి భోజన చట్టం వచ్చింది. పిల్లల ఆరోగ్యమూ, పంట అమ్ముడుపోవడమూ, రెండూ ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి. ఇక్కడితో కథ సుఖాంతం అని చాలామంది ఆపేస్తారు. నాకైతే అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఉచితంగా ఎవరికి పెట్టాలన్నది ఊరి ఇష్టానికి వదిలేశారు. కొన్నిచోట్ల పేద పిల్లాడికి వేరే రంగు టోకెన్. కొన్నిచోట్ల వేరే వరస. ఇంకొన్నిచోట్ల తిన్నందుకు పని చేయించుకునేవాళ్ళు. చలికి వణుకుతూ వచ్చిన పిల్ల అందరి ముందూ ఆ టోకెన్ చూపించడం కంటే పస్తుండటమే నయమనుకుంటే తప్పు ఎవరిది?

దీన్ని బయటికి లాగింది మళ్ళీ ఆడవాళ్ళే. ప్రొటెస్టెంట్, కాథలిక్, యూదు, నల్లజాతి మహిళా సంఘాలూ, వైడబ్ల్యూసీఏ, మొత్తం అయిదూ కలిశాయి. సభ్యులే ఊరూరా తిరిగి స్కూలు వాళ్ళనీ, తల్లిదండ్రులనీ అడిగారు. జీన్ ఫెయిర్‌ఫాక్స్ ఆధ్వర్యంలో 1968లో 'దెయిర్ డైలీ బ్రెడ్' అనే నివేదిక తెచ్చారు. లెక్క ఇదీ: బడికెళ్ళే పిల్లలు 5 కోట్లు, భోజనం అందేది దాదాపు 1.8 కోట్ల మందికి, ఉచితంగానో తక్కువ ధరకో తినేది 20 లక్షల లోపే. వేరే వేరే దేవుళ్ళకి మొక్కే ఆడవాళ్ళు ఒకే ప్రశ్నల కాగితం పట్టుకుని తలుపులు తట్టడం ఊహించుకోండి. మన గ్రూపులో వారాంతం పాట్‌లక్‌కి తేదీ కుదరడానికే నలభై మెసేజులు పడతాయి!

1970లో చట్టం సవరించారు. ఎవరికి ఉచితమో బయటికి తెలిసేలా పిల్లల్ని వేరు చెయ్యకూడదని అందులో రాశారు.

పోయిన శీతాకాలం మా అమ్మాయి స్కూల్లో లంచ్ వాలంటీరుగా వెళ్ళాను. బూట్లకి మంచు అంటుకునే ఉంది, పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి కీప్యాడ్ మీద నంబరు నొక్కి ట్రే తీసుకుని వెళ్తున్నారు. ఎవరిది డబ్బు కట్టినదో, ఎవరిది ఉచితమో పక్కనే నిలబడ్డ నాకు తెలీలేదు.