పట్టికల్లోంచి మళ్లీ చెట్టు మీదికి

మనిషిని చంద్రుడి మీదికి పంపే అపోలో నౌకకు ఎన్ని భాగాలో, ఏ భాగం దేనిలో బిగుస్తుందో కాగితాల మీద రాసుకోవడం ఒక దశ దాటాక ఎవరి వల్లా కాలేదు. నౌక తయారీదారు రాక్‌వెల్, ట్రాక్టర్ల కంపెనీ క్యాటర్‌పిల్లర్, ఐబీఎం కలిసి 1966లో దానికోసమే ఒక డేటా వ్యవస్థ మొదలుపెట్టాయి. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో దాని టెర్మినల్ మీద ‘రెడీ’ అన్న మాట మొదటిసారి అచ్చయింది. తర్వాత అదే ఐఎంఎస్ పేరుతో బ్యాంకుల్లోకి, బీమా కంపెనీల్లోకి వెళ్లింది. అందులో సమాచారం చెట్టు ఆకారంలో ఉండేది. ఇంజిన్ కింద పంపు, పంపు కింద వాల్వు, వాల్వు కింద మర. యంత్రాన్ని విడగొట్టే తీరు అదే కాబట్టి ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

తప్పు పట్టినవాడు అదే ఐబీఎంలో, శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేస్తున్న ఇంగ్లిష్ గణితవేత్త ఎడ్గర్ కాడ్. 1970 జూన్‌లో వచ్చిన ఆయన వ్యాసం మొదటి పేజీల్లోనే ఒక చిన్న లెక్క ఉంటుంది. కొన్ని విడిభాగాలు, వాటిని వాడే కొన్ని ప్రాజెక్టులు ఉన్నాయనుకోండి. భాగాల కింద ప్రాజెక్టులు పెట్టాలా, ప్రాజెక్టుల కింద భాగాలు పెట్టాలా? కాడ్ ఐదు అమరికలు చూపించాడు. ఒక అమరికను నమ్ముకుని రాసిన ప్రోగ్రాము మరో అమరికలో పనిచేయదని తేల్చాడు. ఏది దేని కింద అన్న పెత్తనమే తీసేసి, అన్నింటినీ సమాన హోదాలో పట్టికలుగా ఉంచుదామన్నాడు. ఎవరికి ఏ కోణం కావాలంటే ఆ కోణంలో అడిగినప్పుడు కలుపుకోవచ్చు. ఈ రోజు మన బ్యాంకు ఖాతాలూ రైలు టికెట్లూ నడిచే రిలేషనల్ డేటాబేస్ ఆ వాదన ఫలితమే. చెట్టుకు కాలం చెల్లిందనుకున్నారు.

చెల్లలేదు. వెబ్ వచ్చాక వెనక గుమ్మంలోంచి తిరిగొచ్చింది.

వెబ్ సర్వర్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకు పట్టికలతో నేరుగా మాట్లాడటం ఇష్టం ఉండదు. వాళ్ల అలవాటు ఆబ్జెక్టులు. నార్వేలో పుట్టిన సిములా 67 భాష నుంచి జావా దాకా పాతికేళ్లు పైబడి పెరిగిన అలవాటది. పట్టికలో ఒక వరుస, ప్రోగ్రాములో ఒక ఆబ్జెక్టు, కాలమ్‌కో లక్షణం: ఈ జోడింపుకు మార్టిన్ ఫౌలర్ 2002లో తన పుస్తకంలో ‘యాక్టివ్ రికార్డ్’ అని పేరుపెట్టాడు. డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ అదే పేరున్న, అదే పద్ధతిలో నడిచే భాగంతో 2004లో రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ విడుదల చేశాడు. మరుసటి ఏడాది, అమెరికాలోని కాన్సస్‌లో ఒక స్థానిక దినపత్రిక వెబ్ విభాగం నుంచి జాంగో అనే మరో ఫ్రేమ్‌వర్క్ బయటికొచ్చింది. రచయిత డాట్ పుస్తకాలు అని రాస్తే చాలు, వెనక పట్టికలను అడిగే భాషలో, అంటే ఎస్‌క్యూఎల్‌లో, ప్రశ్న తనంతట తానే తయారవుతుంది.

ఆబ్జెక్టు ఉండేది మెమరీలో. నెట్‌వర్క్ తీగ మీద వెళ్లేవి బైట్లు మాత్రమే. ఆబ్జెక్టును విప్పి వరుసగా పేర్చి పంపడాన్నే సీరియలైజేషన్ అంటారు. సన్ కంపెనీ 1987లో ప్రకటించిన ఎక్స్‌డీఆర్ అందుకు ఒక దారి, 1997లో జావా తెచ్చిన సొంత పద్ధతి మరొకటి. 1998 ఫిబ్రవరిలో ఎక్స్ఎంఎల్ ప్రమాణమయ్యాక లోకమంతా దాని వెంట పడింది. తెరిచే ట్యాగు, మూసే ట్యాగు, వాటి మధ్య రవ్వంత సమాచారం. దాని మీద సోప్ అనే ఇంకో పొర. ఎక్స్ఎంఎల్‌ను వెక్కిరించడం ఇప్పుడు సులువే గానీ, పుస్తకం, చట్టం లాంటి పత్రాలకు అది మంచి పనిముట్టు. దాన్ని ఆబ్జెక్టులు మోయడానికి వాడటంతోనే చిక్కొచ్చింది.

2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ కాలిఫోర్నియాలో స్టేట్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ పెట్టారు. పేజీని మళ్లీ లోడ్ చేయకుండానే బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకోవాలన్నది వాళ్ల పట్టుదల. ఆ ఏప్రిల్‌లో మార్నింగ్‌స్టార్ గ్యారేజీలోని కంప్యూటరు నుంచి మొదటి సందేశం పంపారు. అందులో ఎక్స్ఎంఎల్ లేదు. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్టును ఎలా రాస్తారో అలాగే రాసి పంపారు, అర్థం చేసుకునే పని బ్రౌజరుదే. సందేశం విఫలమైంది. అందులో ఒక గడి పేరు ‘డూ’. అది జావాస్క్రిప్ట్ తన కోసం దాచుకున్న మాట కావడంతో సింటాక్స్ ఎర్రర్ వచ్చింది. దాచుకున్న మాటల పట్టిక తయారుచేసి అందరికీ వివరించే బదులు, పేర్లన్నిటికీ కొటేషన్ గుర్తులు తప్పనిసరి చేసి క్రాక్‌ఫర్డ్ చేతులు దులుపుకున్నాడు. ఈ రూపానికే తర్వాత జేసన్ అని పేరొచ్చింది; ఇప్పటికీ ప్రతి జేసన్ ఫైలు నిండా కనిపించే ఆ కొటేషన్లు ఆ రోజు దెబ్బకు వేసిన కట్టు.

తాము కొనేది ఏదో ఒక ప్రమాణం ప్రకారం ఉండాలని ఖాతాదారులు పట్టుబట్టారు. దాంతో క్రాక్‌ఫర్డ్ 2002లో జేసన్ డాట్ ఆర్గ్ కొని, వ్యాకరణం అంతా ఒక్క పేజీలో పెట్టి, ఇదే ప్రమాణం అని ప్రకటించాడు. దాన్ని సృష్టించానని ఆయన ఏనాడూ చెప్పుకోలేదు. 1996లోనే నెట్‌స్కేప్‌లో ఎవరో ఇలా చేశారని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన పట్టుదలంతా ఏమీ చేర్చకపోవడంలోనే ఉంది. వెర్షన్ నంబరు లేదు. మొదట వ్యాఖ్యలు రాసుకునే వీలుండేది; జనం వాటిలో పార్సర్లకు రహస్య ఆదేశాలు దూర్చడం చూసి అదీ తీసేశాడు. తేదీలకు ప్రత్యేక రకం లేదు. ఈ ఆబ్జెక్టు ఏ క్లాసుదో చెప్పే దారీ లేదు.

ఈ చివరి లోపం విలువ తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది. బయటి నుంచి వచ్చే ఎక్స్ఎంఎల్‌లో యామల్ అనే మరో రూపాన్ని దాచి పంపితే, రైల్స్ అమాయకంగా దాన్ని విప్పి, దాడిచేసేవాడు కోరిన క్లాసు ఆబ్జెక్టును సర్వర్‌లోనే తయారుచేస్తుందని 2013 జనవరిలో బయటపడింది. సర్వర్ పగ్గాలు చేజారే ప్రమాదం. క్లాసు పేరు చెప్పలేని రూపంతో ఆ మోసం అంత తేలిగ్గా సాగదు.

మళ్లీ పంపే వైపుకు వద్దాం. 2006లో వచ్చిన రైల్స్ 1.1తో ఏ రికార్డునైనా ఎక్స్ఎంఎల్‌గా మార్చడం ఒక్క మాట పని అయింది. 2007 చివర్లో రైల్స్ 2.0 నాటికి జేసన్‌కూ అంతే. ఆబ్జెక్టు పక్కన చుక్క పెట్టి ‘టు జేసన్’ అంటే సరి. ప్రదర్శనలో చూసినవాళ్లు చప్పట్లు కొట్టే సౌకర్యం. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన సౌకర్యం కూడా ఇదే. మారు మాట్లాడకుండా అది పట్టికలో ఉన్న కాలమ్‌లన్నీ పంపేస్తుంది. వాడుకరి పేరుతో పాటు ఈమెయిలు, పాస్‌వర్డు హ్యాష్ కూడా. తెర మీద పేరొక్కటే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచినవాడికి అన్నీ కనిపిస్తాయి.

రెండో చిక్కు కాడ్ ఎప్పుడో చూపించిందే. పట్టికల సంబంధాలు వల లాంటివి, జేసన్ మాత్రం చెట్టు. రచయితకు పుస్తకాలు ఉంటాయి, ప్రతి పుస్తకానికీ రచయిత ఉంటాడు. ఏమీ చెప్పకుండా వదిలేస్తే సీరియలైజర్ రచయిత లోపల పుస్తకం, పుస్తకం లోపల మళ్లీ అదే రచయిత అంటూ మెమరీ అయిపోయేదాకా దిగుతూనే ఉంటుంది. జావాలో పట్టికలను ఆబ్జెక్టులుగా మార్చే హైబర్నేట్, ఆబ్జెక్టులను జేసన్‌గా మార్చే జాక్సన్ కలిపి వాడినవాళ్లకు ఆ అంతులేని ఎర్రర్ జాబితా బాగా తెలుసు. దిగకుండా ఆపినా ఇంకో ఖర్చు ఉంటుంది. వంద మంది రచయితలకు వంద సార్లు విడివిడిగా పుస్తకాల కోసం డేటాబేస్‌ను అడగడం. దీన్నే ‘ఎన్ ప్లస్ వన్’ అంటారు. పేజీ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే చాలామంది మొదట వెతికేది దాన్నే.

అందుకని కొన్నేళ్లకు కాలం వెనక్కి తిరిగింది. దానంతటదే మారే సౌకర్యం పోయి, ఏయే గడులు వెళ్లాలో చేత్తో రాయడం వచ్చింది. రైల్స్‌లో జేబిల్డర్, యాక్టివ్ మోడల్ సీరియలైజర్స్, జాంగోకు రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ 2011 నుంచి ఊపందుకున్నాయి. ఆబ్జెక్టు వేరు, దాని బయటి ముఖం వేరు అన్న ఎరుక అప్పటికి స్థిరపడింది. ఫేస్‌బుక్ ఇంకో అడుగు వేసి, చెట్టు ఆకారాన్ని అడిగేవాడికే వదిలేసింది. 2012లో ఫోన్ యాప్ కోసం లోపల కట్టుకుని 2015లో బయటపెట్టిన గ్రాఫ్‌క్యూఎల్‌లో, ఏది దేని కింద రావాలో ప్రశ్నలోనే ఉంటుంది.

క్రాక్‌ఫర్డ్ వదిలేసిన ఖాళీలను ఎవరికి తోచినట్లు వాళ్లు పూడ్చుకున్నారు. తేదీ పంపాలంటే మైక్రోసాఫ్ట్ 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లను ‘డేట్’ అనే మాటతో చుట్టి స్ట్రింగ్‌గా పంపేది. పైథాన్ అయితే ఇది ‘జేసన్ సీరియలైజబుల్’ కాదని ముఖాన చెప్పేస్తుంది. ఆ ఎర్రర్ చూడని పైథాన్ ప్రోగ్రామర్ అరుదు. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యారకం పూర్ణసంఖ్యలను 9007199254740991 దాకానే నమ్మకంగా పట్టుకోగలదు. 2010లో ట్విట్టర్ తన సందేశాల సంఖ్యలను అంతకు మించి పెంచబోతూ, అదే సంఖ్యను కొటేషన్లలో పెట్టి రెండో గడిలో కూడా పంపడం మొదలుపెట్టింది. డేటాబేస్‌లో సరిగా ఉన్న సంఖ్య బ్రౌజర్‌లో చివరి అంకెలు మారి కనిపిస్తే వేరే దారేముంది!

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు మరో అనుభవం ఎదురవుతుంది. పైథాన్, పీహెచ్‌పీ తమంతట తాము వదిలేస్తే తెలుగు అక్షరాలను రాయవు. ప్రతి గుర్తుకూ బ్యాక్‌స్లాష్, యు, నాలుగు స్థానాల సంకేతం పెడతాయి. ‘తెలుగు’ అన్న మాట యూనికోడ్‌లో ఆరు గుర్తులు. మామూలు యూటీఎఫ్-8లో 18 బైట్లు, ఈ సంకేతాల్లో 36. బ్రౌజర్ రెండింటినీ ఒకేలా చదువుతుంది గానీ లాగ్ ఫైలు తెరిచిన మనిషి చదవలేడు. వద్దని చెప్పే మీట పీహెచ్‌పీకి 2012లో, 5.4తో వచ్చింది.

ఆ ఏడాదే డేటాబేస్ కూడా ఆటలోకి దిగింది. పోస్ట్‌గ్రెస్ 9.2 జేసన్‌ను ఒక కాలమ్ రకంగా ఒప్పుకుని, పట్టికలోని వరుసను తానే జేసన్‌గా మార్చే ఫంక్షన్ ఇచ్చింది. 2014లో 9.4తో వచ్చిన జేసన్‌బీకి ఇండెక్సు కూడా వేయొచ్చు. మైఎస్‌క్యూఎల్ 2015లో, ఎస్‌క్యూఎల్ ప్రమాణం 2016లో అదే దారి పట్టాయి. ఇప్పుడు మధ్యలో ఆబ్జెక్టు లేకుండానే క్వెరీ ఒక్కటే చెట్టును కట్టి ఇవ్వగలదు. పట్టికలోని ఒక గడిలో ఏకంగా చెట్టునే దాచొచ్చు కూడా. ఏ కాలమ్‌లు కావాలో ముందే తేలని కొత్త ప్రాజెక్టుల్లో చాలామంది అలాగే మొదలుపెడతారు. కొన్నాళ్లకు ఆ చెట్టులో ఒక కొమ్మ మీద రోజూ లెక్కలు వేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ కొమ్మను బయటికి లాగి, పేరూ రకమూ ఉన్న మామూలు కాలమ్‌గా మార్చే మైగ్రేషన్ రాస్తారు.