నీలం లుంగీ మీద తెల్ల చార



ప్రతి ఆగస్టు 9 అయిపోయాక మా హాస్టల్లో ఒకటే చర్చ. మన కట్టు స్టేజీ మీదికే మిగిలిందా అని. పొద్దున కట్టుకుంటాం, ఫోటోలు దిగుతాం, మధ్యాహ్నం భోజనాల లైన్లోకి వచ్చేసరికి అందరం జీన్స్ ప్యాంట్లలో ఉంటాం. అందుకే ఈసారి సమోవా వాళ్ల బట్టల చరిత్ర రాస్తున్నాం. పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం అది. జనాభా సుమారు రెండు లక్షలు, అంతే.

వాళ్ల పాత బట్ట సియాపో. మన కథల్లో నారచీర అంటామే, నిజంగా అదే. ఒక రకం మల్బరీ చెట్టు లోపలి బెరడును గవ్వలతో గీకి, చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టి కొట్టి వెడల్పు చేస్తరు. రంగులు కూడా చెట్ల నుంచే. పసుపుకు పసుపు కొమ్ము, ఎరుపుకు జాఫ్రా గింజ, నలుపుకు నూనె గింజలు కాల్చిన మసి. దీనికంటే విలువైనది ఇయె తోంగా. మొగలి జాతి ఆకులను సన్నగా చీల్చి అల్లే చాప. చాప అన్నాం కదా అని పడుకునేది అనుకోవద్దు. ఒక్కటి అల్లడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అల్లేది ఆడవాళ్లు. పెళ్లిలో, చావులో, కులపెద్ద బిరుదు ఇచ్చేటప్పుడు చేతులు మారేది ఇదే. 2019లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

1830లో లండన్ మిషనరీ సొసైటీ మనిషి జాన్ విలియమ్స్ అక్కడ దిగాడు. ఆ తర్వాత చర్చి వచ్చింది, ఒళ్లంతా కప్పుకోవాలనే మాట వచ్చింది, ఓడల్లో నూలు గుడ్డ వచ్చింది. బెరడు బట్ట పోయి నూలు లావలావా నిలిచింది. లావలావా అంటే మన లుంగీ లాంటిదే, ఆడా మగా ఇద్దరూ చుట్టుకుంటరు. ఆడవాళ్లకు దాని మీద పొడుగు జాకెట్ కలిపి పులేతాసి అయింది. ఇది అసలు సంప్రదాయమే కాదు, మిషనరీలు తెచ్చిందే కదా అని వాదించొచ్చు. మేం ఒప్పుకోం. కట్టుకున్నోళ్లు తమది చేసుకున్నాక అది వాళ్లదే.

ఈ లుంగీ రాజకీయం అయిన రోజులు కూడా ఉన్నాయి. 1914లో న్యూజిలాండ్ సైన్యం జర్మనీ నుంచి సమోవాను తీసుకుంది. 1918లో ఆక్లాండ్ నుంచి వచ్చిన తలూనే అనే ఓడలోని రోగులను దిగనిచ్చారు. ఆ ఇన్‌ఫ్లుయెంజాకు జనంలో ఐదో వంతు మంది పోయారు. ఆ కోపం లోంచి కూడా 1920లలో మావు ఉద్యమం బలపడింది. 'సమోవా సమోవా వాళ్లదే' అన్నది వాళ్ల మాట. వాళ్ల యూనిఫాం ఏంటంటే ముదురు నీలం లావలావా, దాని మీద తెల్ల చార. తుపాకీ లేదు, లాఠీ లేదు. 1929 డిసెంబర్ 28న అపియా వీధిలో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. శాంతంగా ఉండండి అని తనవాళ్లకు చెప్తున్న నాయకుడు తుపువా తమసేసే లెయలోఫికి తూటా తగిలింది, మర్నాడు చనిపోయాడు. ఒక న్యూజిలాండ్ పోలీసు కూడా చచ్చాడు. తర్వాత ప్రభుత్వం మావును రాజద్రోహ సంఘం అన్నది, ఆ చార లుంగీని నిషేధించింది. మగవాళ్లు అడవిలోకి పోతే ఆడవాళ్లు ఉద్యమాన్ని నడిపారు. 1962 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చింది.

ఇప్పుడు ఎక్కడ కడుతున్నరు? ఎక్కడ కట్టట్లేదు అని అడగడం సులువు. అపియాలో పోలీసుల యూనిఫామే లుంగీ. కుట్టి, జేబులు పెట్టిన ఆ లుంగీ పేరు ఇయె ఫైతంగా. బ్యాంకులో, పార్లమెంటులో మగవాళ్లు దాని మీద చొక్కా, టై కూడా వేస్తరు. ఆఫీసుకు, కాలేజీకి ఆడవాళ్లు పులేతాసిలో పోతరు. అక్టోబర్‌లో పిల్లల ఆదివారం పండుగకు ఊరు మొత్తం తెలుపే. సియాపో మాత్రం నాట్యాలకు, పెద్ద వేడుకలకు మిగిలింది. ఆ ముక్క మన కథ లాగే ఉంది.

చాలామంది సమోవా వాళ్లు బతుకుదెరువుకు న్యూజిలాండ్ పోయారు. 1970లలో ఆ దేశం పోలీసులు వీసా గడువు దాటినోళ్ల కోసమని తెల్లవారకముందే పసిఫిక్ జనాల తలుపులు కొట్టి ఈడ్చుకుపోయారు. దీనికి 2021 ఆగస్టు 1న ఆక్లాండ్ టౌన్‌హాల్‌లో ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పింది. సమోవా పద్ధతిలో దాన్ని ఇఫోంగా అంటరు. తప్పు చేసినోళ్లు తల మీద చాప కప్పుకొని కూర్చోవాలి. క్షమిస్తే బాధితులే వచ్చి తీస్తరు, క్షమించకపోతే అట్లనే కూర్చోవాలి. ప్రధాని తల మీద పెద్ద ఇయె తోంగా కప్పారు. పసిఫిక్ కుటుంబాల వాళ్లు వచ్చి దాన్ని తీశారు.