గోడకి అద్దం వచ్చాక

మద్దిలపాలెం బస్సు డిపో దాటాక లోపలి సందులో ఒక చిన్న సెలూన్ ఉంది. యూనివర్సిటీలో చదివే రోజుల నుంచీ నా తల అక్కడే. మొన్న ఒక కుర్రాడు ఫోన్‌లో ఫోటో చూపించి "ఇలాగే ఫేడ్ కావాలి" అన్నాడు. యజమాని ఫోటో ఒకసారి చూసి, కుర్రాడి తల వెనక వేళ్లతో తడిమాడు. "ఇక్కడ సుడుంది బావూ, మరీ కిందికి తీస్తే లెగుస్తాది. కొంచెం ఉంచుతాను."

ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. (చాలా ఏళ్లు ఆయన్ని "నువ్వు" అనేవాణ్ణి. ఆయన నాకన్నా పదిహేనేళ్లు పెద్ద.)

"మా నాన్న బూరకి నురగ రాసి కత్తి చేతికిచ్చేవోడు. పేలితే మళ్లీ మొదట్నించే."

వాళ్ల నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ కటింగుకి డబ్బులుండవు. కోతలప్పుడు కళ్లంలో కొలిచే మేర గింజలే. పొది చంకన పెట్టుకుని అరుగు అరుగుకీ తిరగాలి. అద్దం అంతా అయ్యాకే చేతికిచ్చేవారు. మధ్యలో అడగడానికేమీ లేదు, అందరికీ ఒకటే క్షవరం.

చేతిలో విద్య లేక కాదు. ఈ కులం వాళ్లే కురుపులు కోశారు, ఆడవాళ్లు పురుళ్లు పోశారు, పెళ్లిళ్లకి సన్నాయి ఊదారు. లండన్‌లోనూ 1540 నుంచి మంగళ్లదీ సర్జన్లదీ ఒకటే సంఘం. 1745లో సర్జన్లు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. మన ఊళ్లలో ఆసుపత్రులొచ్చాక కత్తికి మిగిలింది జుట్టూ గడ్డమే.

విశాఖకి 1933లో పోర్టు, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. చేతుల్లో నగదు, షాపు గోడకి నిలువెత్తు అద్దం. కూర్చున్నవాడు పని జరుగుతుండగానే చూసుకుంటూ అడగడం మొదలుపెట్టాడు: శోభన్‌బాబు రింగు, హిప్పీ, చిరంజీవి కటింగు, 2017 తర్వాత అర్జున్ రెడ్డి గడ్డం. సినిమాలో ఒక ముఖానికి కుదిరినదాన్ని వెయ్యి ముఖాలకి సరిపెట్టాలి. నా దృష్టిలో సృజన అంటే అదే. సుడి, నుదురు, చెవి వంపు ఏ రెండు తలలకీ ఒకలా ఉండవు.

ఒక విద్య మాత్రం పోయింది. 1990ల్లో ఎయిడ్స్ భయంతో మనిషికో కొత్త బ్లేడు అలవాటైంది, సగం విరిచి కత్తికి బిగించడమే. మంచిదే. కానీ సానరాయి మీద కత్తి పదును చెవితో వినే మనుషులు ఇక లేరు.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీబ్రాహ్మణుల్ని కించపరిచే మాటలు వాడకూడదని జీవో ఇచ్చింది. హైవే మీది ఏసీ సెలూన్లో ఇదే ఫేడ్‌కి నాలుగింతలు తీసుకుంటారు, చేసేవాణ్ణి స్టైలిస్టు అంటారు. అక్కడ ఎవరూ కులం అడగరు, ఆ కుర్చీ వెనక ఎవరైనా నిలబడొచ్చు. బూర మీద నేర్చుకున్నవాడికి మాత్రం అక్కడ తలుపు తెరుచుకోదు.

ఆయన కొడుకు పై నెలలో డబ్బు కట్టి మూడు నెలల కోర్సులో చేరుతున్నాడట.

"వాడికి మీరే నేర్పారు కదా?"

"పని వచ్చును సారూ. కాయితం కావాలంట," అని నా మెడ మీద జుట్టు దులిపారు.