తపాలాకు జల్లెడ

బాన్సువాడ ప్రాంతమున వరికోతలు ముగిసిన దినములలో, కల్లములయొద్ద ధాన్యము తూర్పారబట్టుటను మేము చిన్ననాట చూచెడివారము. తాలు గాలికి కొట్టుకొనిపోవును. గట్టిగింజ కాళ్లయొద్ద రాలును. 1931లో నిర్మాణము పూర్తియైన నిజాంసాగరపు నీటితో పండిన పంట అది. అట్టి తూర్పారబట్టుటయే నేడు మన ఉత్తరములకును అవసరమైనది. ఈ-మెయిలు తెరచు ప్రతివారికిని ఈ సంగతి అనుభవవేద్యమే.

1978 మే 3వ తేదీన అమెరికాలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విక్రయోద్యోగి గారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మనుచు, ఆర్పానెట్ అను జాలములోని సుమారు 400 మందికి ఒకే జాబు పంపెను. అడుగనివారికి గుంపుగా పంపిన మొదటి వ్యాపారలేఖ అదియే యందురు. చీవాట్లు తప్పలేదు, అయినను యంత్రములు బాగుగనే అమ్ముడుపోయినవని ఆయన చెప్పుకొనెను. చిక్కంతయు అచ్చటనే ఉన్నది. తపాలాబిళ్ల ఖర్చు లేని ఉత్తరమునకు వేయిమందిలో ఒక్కరు లొంగినను పంపినవానికి లాభమే. ‘స్పామ్’ అను పేరు మాత్రము ఒక డబ్బామాంసమునది. 1970లో మాంటీ పైథాన్ అను బ్రిటిష్ హాస్యబృందము టెలివిజనులో ఆ మాటను విసుగు పుట్టునంతగా వల్లించగా, పిమ్మట అది ఈ తలనొప్పికి స్థిరపడినది.

తొలి ప్రతిక్రియలు మోటువి. 1997లో పాల్ విక్సీ నెలకొల్పిన నల్లజాబితా, చెత్తలేఖలు వెలువడు యంత్రములనుండి వచ్చు తపాలానంతను గుమ్మము కడనే ఆపెడిది. వీధిలో దొంగ యొకడున్నందుకు ఆ వీధివారి ఉత్తరములన్నియు ఆగిన చందమాయెను. కొన్ని మాటలను నిషేధించి చూచిరి. ఒక అక్షరము మార్చి వ్రాసిన చాలును, కాపలా తప్పిపోవును.

అసలు మలుపు గణితము వలన వచ్చినది. ఇంగ్లండు మతబోధకుడు థామస్ బేయస్ మరణానంతరము 1763లో అచ్చుపడిన సంభావ్యతా సూత్రమును 1998లో మెహ్రాన్ సహామీ మొదలగువారు తపాలాకు అన్వయించిరి. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ వ్రాసిన వ్యాసముతో అది విస్తారముగా వ్యాపించెను. ఆయన మంచి ఉత్తరములు సుమారు 4000, చెత్త ఉత్తరములు సుమారు 4000 చేర్చి, ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చినదో యంత్రముచే లెక్కింపించెను. కొత్త ఉత్తరము రాగానే, అందు మిక్కిలి సూచకములైన 15 మాటలను బట్టి తీర్పు చెప్పించెను. చిత్రమేమనగా, బూతుమాటలతో సమానముగా చెత్తను పట్టి యిచ్చినది ఎఱ్ఱరంగు అక్షరములకు వాడు సంకేతము! ఏ కాపలాదారునికిని ముందుగా తోచెడి నియమము కాదది.

మంచి కుప్పలోని లెక్కను ఆయన రెట్టింపు చేసెను. మాకు అన్నిటికంటె నచ్చినది ఇదే. పది చెత్తలేఖలు లోనికి వచ్చినచో విసుగు. ఒక్క మంచి ఉత్తరము పోయినచో నష్టము. మా ఇంటి పిల్లవానికి వచ్చిన ఉద్యోగపు పిలుపు చెత్తబుట్టలో పడి, గడువు దాటిన నాలుగవనాడు కంటబడినది.

రెండేండ్లలో ఈ పీడ తీరునని 2004 జనవరిలో బిల్ గేట్స్ దావోసులో పలికెను. తీరలేదు. పంపెడివారు మాటలను బొమ్మలలో దాచిరి; జల్లెడలు బొమ్మలను చదువ నేర్చినవి. మన దేశమున బాధ టెలిఫోనుకును ప్రాకగా, వ్యాపారసంస్థలు తమ పేర్లను, సందేశముల నమూనాలను ముందుగా నమోదు చేయవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2018లో నిబంధించెను. ఫిర్యాదునకు 1909 అను సంఖ్య గలదు.

చెత్తబుట్టలో మంచి ఉత్తరము కనబడినపుడు ‘చెత్త కాదు’ అను మీట నొక్కినచో, జల్లెడ ఆ తప్పునుండి కొంత నేర్చుకొనును. మా పిల్లవాడు ఇప్పుడు ప్రతి సాయంకాలము ఆ బుట్టను వెదకుచున్నాడు.